పన్నెండు పాయింట్ నాలుగు లీటర్లు

“ఆ రోజు బండి ఎన్ని కిలోమీటర్లు తిప్పావు?”

“నూట ఇరవై నాలుగు.”

“ఇన్‌స్పెక్టర్ నూట తొంభై రెండు అంటున్నాడు.”

“ఆయన అంటే రోడ్డు సాగుతుందా మేడం?”

లాకప్ చువ్వలకి అవతల నిలబడ్డ మెకానిక్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు. నాలుగు రోజుల నుంచి అదే మాట, అదే అంకె. సొంత బాబాయిని, బళ్ళ మైలేజీ కొలిచి కాగితం రాసిచ్చే కొలత మాస్టారిని, చంపాడని అతని మీద కేసు. సోమవారం కోర్టు. ఈ రోజు శనివారం, ఉదయం ఏడు.

ఇవతల స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్‌కి యాభై నాలుగేళ్ళు. పోలీసు శాఖలో ఉన్నన్నాళ్ళూ చేతికొచ్చిన ప్రతి ఫైలు మీదా ఏదో ఒక అభ్యంతరం రాసేది. దాంతో ఆమెకి ‘తకరారు’ అని పేరు పడింది. ఉద్యోగం వదిలేసినా ఆ పేరు ఆమెని వదల్లేదు. ఆమె కూడా వదిలించుకోవాలని చూడలేదు.

“మొదట్నుంచి చెప్పు. టైములతో సహా.”

“మంగళవారం పొద్దున ఆరూ ఇరవైకి పంపులో ట్యాంకు నిండా డీజిల్ పోయించాం. నేను, బాబాయ్. మీటరు రీడింగు ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. ‘నువ్వు ఊరి చుట్టు రోడ్డు మీద నాలుగు రౌండ్లు తిప్పి, వచ్చి ఇక్కడే నింపు. నాకింకో పనుంది’ అని దిగిపోయాడు. రౌండుకి ముప్పై ఒకటి. నాలుగు రౌండ్లూ తిప్పాను. పదీ పదికి మళ్ళీ నింపితే పన్నెండు పాయింట్ నాలుగు లీటర్లు పట్టింది. అంటే లీటరుకి పది.”

“బండిలో తెర మీద మైలేజీ?”

“పదిహేనున్నర చూపించింది.” అతను చేదుగా నవ్వాడు. “అది చూపిస్తుంది. మైలేజీ కిట్ బిగించింది నేనేగా. పెద్ద ఇంజెక్టర్లు, కొత్త టర్బో, పైన ఓ చిన్న పెట్టె. బండిలో కంప్యూటర్‌కి డీజిల్ కనపడదు మేడం. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో లెక్కపెట్టుకుని, ఇంత తాగానని చెప్తుంది. పిన్ని చేతిలో చిన్న గరిట తీసేసి పెద్ద గరిట పెట్టామనుకోండి. చీకట్లో ఆవిడ ‘మూడు గరిటలే వేశాను’ అంటుంది. గిన్నె చూస్తే పొర్లిపోతుంటుంది. అంతే ఇదీ.”

“సోమవారం మీ షెడ్డులో మీ ఇద్దరికీ గొడవ జరిగింది. పక్కవాళ్ళంతా విన్నారు.”

“జరిగింది. ‘ఈ కిట్ మైలేజీ పెంచుతుందని సంతకం పెట్టను’ అన్నాడు బాబాయ్. ‘నీ కొలతల పిచ్చి నా షెడ్డు మూయించేట్టుంది’ అన్నాను. తెరనే నమ్మాను నేను, బుద్ధి లేక. ‘అయితే రేపు నువ్వే కొలువు, నీ చేత్తో’ అన్నాడు.” అతను చువ్వని గట్టిగా పట్టుకున్నాడు. “కొలిచాను. ఆయనే గెలిచాడు. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తలేదు.”

“తర్వాత?”

“కిట్ కంపెనీ మేనేజర్‌కి చేశాను. పదీ పదిహేనుకి. తెర అంకె, నాజిల్ అంకె రెండూ చెప్పి, మీ కిట్ ఉత్త మోసం అన్నాను. ‘చూద్దాంలే’ అని పెట్టేశాడు.”

తకరారు స్టూలు మీంచి లేచింది.

“మేడం, పిన్ని ఏమంటోంది?”

“నన్ను పిలిపించింది ఆవిడే.”

మెకానిక్ మొహం తిప్పుకున్నాడు.

*

స్టేషన్ వెనక ఆవరణలో ఆ పికప్ ట్రక్కు నిలబెట్టి ఉంది. ముందు బంపరు మీద సాక్ష్యం నంబరు రాసిన చీటీ అంటించారు. దాని పక్కన చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు తకరారు కింద ఎస్సైగా పనిచేసినవాడు. రిపోర్టులు రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

“సాయంత్రం అయిదు దాకా బండిని పరీక్షించుకోమంది కోర్టు. చేసుకోండి మేడం. నా కేసు కదలదు.”

“నీ కేసు ఓసారి వినిపించు.”

“చిన్న లెక్క. పట్టిన డీజిల్ పన్నెండు పాయింట్ నాలుగు. తెర మీద మైలేజీ పదిహేనున్నర. హెచ్చవేస్తే నూట తొంభై రెండు. కొలత మాస్టారి శవం దొరికింది కొండ మీద పాడుబడ్డ రాతి క్వారీలో. పంపు నుంచి క్వారీకి తొంభై ఆరు కిలోమీటర్లు. పోనూ రానూ నూట తొంభై రెండు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. వీడు ఆరూ ఇరవైకి బయల్దేరి పదీ పదికి తిరిగొచ్చాడు. సరిగ్గా సరిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదు.”

“వెంట్రుకవాసి కూడా తేడా లేని లెక్క చూస్తే నీకు అనుమానం రాలేదా?”

“మీకు అన్నిటి మీదా అనుమానమే.”

“బండి మీటరు చూడొచ్చుగా?”

“మొదటి రీడింగు ఆ పెద్దాయన నోటుబుక్కులోనే ఉంది. నోటుబుక్కు దొరకలేదు. మేనల్లుడు...” సర్దుకున్నాడు. “అన్నకొడుకు మాయం చేసి ఉంటాడు.”

“చుట్టరికం కూడా సరిగ్గా తెలుసుకోకుండా ఉరి వేయించడానికి బయల్దేరావు!” తకరారు బండి తాళం కోసం చెయ్యి చాచింది. “నీ మాట ప్రకారం ఇదే బండి, ఇదే కిట్‌తో, క్వారీకి వెళ్ళొస్తే పన్నెండు పాయింట్ నాలుగు లీటర్లు తాగాలి. అవునా?”

“అవును.”

“పద. వెళ్ళొద్దాం.”

ఇన్‌స్పెక్టర్ క్షణం తటపటాయించాడు. “మీరు నడిపితే మీకు కావలసినట్టు తొక్కుతారు.”

“అయితే నువ్వే నడుపు. ఎంత పొదుపుగా నడుపుతావో నడుపు. పక్కన కూర్చుని నోరు కూడా మెదపను.”

“నింపాక ట్యాంకు మూతకి సీలు వేస్తాను.”

“రెండు వెయ్యి.”

*

పంపు దగ్గర కొలత మాస్టారి భార్య అప్పటికే వచ్చి నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి. చేతికి భర్త గడియారం పెట్టుకుంది. అది ఆమె మణికట్టుకి వదులై జారిపోతోంది. పంపు నేల మీద పసుప్పచ్చ పెయింటుతో నాలుగు చిన్న గీతలు. చక్రాలు ఎక్కడ ఆగాలో ఆయన గీసిపెట్టుకున్నవి.

ఇన్‌స్పెక్టర్ ఆ గీతల మీదే బండి ఆపాడు. నాజిల్ టక్కుమని ఆగగానే పంపు మనిషి బయటికి తీయబోయాడు.

“ఆగండి,” అంది ఆమె. “డీజిల్ నురగ కడుతుంది. నురగ దిగాక మెడ దాకా పోయాలి. ఆయన మూడు నిమిషాలు ఆగేవారు.”

“మీకు ఇవన్నీ తెలుసా అమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ముప్పై నాలుగేళ్ళు ఆయనతో కాపురం చేశాను. ఇంట్లో కుళాయి కారినా బొట్లు లెక్కపెట్టి, రోజుకి ఇన్ని బిందెలు పోతాయని చెప్పేవారు. తెలియకేం?”

ముగ్గురూ గడియారం చూస్తూ నిలబడ్డారు. మూడు నిమిషాలయ్యాక మెడ దాకా పోయించారు. తెర మీది అంకెలు సున్నా చేశారు. సీళ్ళు పడ్డాయి. ఎనిమిదీ పదికి బండి కదిలింది.

ఇన్‌స్పెక్టర్ నిజంగానే పొదుపుగా నడిపాడు. యాభై దాటించలేదు. ఉక్కపోస్తున్నా ఏసీ వెయ్యలేదు. చెమట కాలరు లోంచి కారుతున్నా తుడుచుకోలేదు. అన్నమాట ప్రకారం తకరారు నోరు మెదపలేదు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు మాత్రం లెక్కపెట్టుకుంటూ కాగితం మీద గీతలు గీసింది. తొంభై ఆరో గీత గీసేసరికి క్వారీ వచ్చింది. పదీ అయిదు.

రాయి తవ్వి తవ్వి వదిలేసిన గుంట అది. లోతు నలభై అడుగులుంటుంది. అంచున చదును చేసిన జాగా. అక్కణ్ణుంచే కొలత మాస్టారు కింద పడ్డాడు. వెనకనుంచి ఎవరో తోశారని డాక్టరు తేల్చాడు.

“ఇక్కడ మీకేం దొరికాయి?”

“చెప్పులు. కళ్ళజోడు. సీసా పెంకులు. తాగుబోతులు వస్తుంటారు ఇక్కడికి.”

“ఆ పెంకులేం చేశావు?”

“ఏం చేస్తాను? వదిలేశాను.”

తకరారు మోకాళ్ళ మీద కూర్చుంది. బండల మధ్య సందులో ఇంకా మెరుస్తున్నాయి. జేబులోంచి చిన్న పట్టకారు తీసి, అరచేయంత పెంకు ఒకటి బయటికి లాగింది. వాసన చూసింది. ఇన్‌స్పెక్టర్ ముక్కు దగ్గర పెట్టింది.

అతని మొహం మారింది. “డీజిల్.”

“ఇటు తిప్పి చూడు.”

గాజు మీద సన్నగా చెక్కిన గీతలున్నాయి. ఓ పెద్ద గీత పక్కన రెండు వందల యాభై అని అంకె.

“తాగుబోతులు మిల్లీలీటర్లు కొలుచుకుని తాగుతారా?”

ఇన్‌స్పెక్టర్ పెంకు చేతిలోకి తీసుకుని అంకె మళ్ళీ చదివాడు.

“ఇది కొలజాడీ. ఇంజన్‌కి వెళ్ళే డీజిల్ గొట్టం ఊడదీసి, ఈ జాడీలో ముంచి, ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత తాగుతోందో చూస్తారు. మళ్ళీ గొట్టం బిగించేటప్పుడు కొత్త క్లిప్పులు వేస్తారు. కొలత మాస్టారు చచ్చిపోయేముందు ఇక్కడ ఓ బండిని కొలిచాడు. అన్నకొడుకు బండికి జాడీతో పనేముంది? దాన్ని పంపులో నింపి చూడాలని ముందే అనుకున్నారు. ఇక్కడికొచ్చింది వేరే బండి.”

“వీడి బండికే ఇక్కడ కూడా కొలిచి ఉండొచ్చు.”

“ఉండొచ్చు. అది నాజిల్ చెప్తుంది. ఎక్కు.”

తిరుగు దారిలో ఇన్‌స్పెక్టర్ వేగం ఇంకా తగ్గించాడు. దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలే తీసేశాడు. పంపు చేరేసరికి పన్నెండూ ఇరవై అయింది.

*

సీళ్ళు చెక్కు చెదరలేదు. ఇన్‌స్పెక్టరే చూసుకుని, తనే చింపాడు. తెర మీద పద్నాలుగు పాయింట్ నాలుగు కనిపిస్తోంది.

“చూశారా?” అన్నాడు. “పదిహేనున్నరకి దగ్గర్లోనే ఉంది.”

“తెర సంగతి ఎవరడిగారు? నాజిల్ పెట్టించు.”

అదే పంపు, అవే గీతలు. అంకెలు తిరగడం మొదలుపెట్టాయి. ఎనిమిది. పది. పన్నెండు.

పన్నెండు పాయింట్ నాలుగు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఊపిరి బిగబట్టడం తకరారు చూసింది. అంకె ఆగలేదు. పదమూడు. పద్నాలుగు. పదహారు దాటాక అతను ఓ అడుగు ముందుకేసి, ట్యాంకు కింద ఎక్కడైనా కారుతోందేమోనని వంగి చూశాడు. నేల పొడిగా ఉంది. పద్దెనిమిది. పంతొమ్మిది. టక్కుమని ఆగింది.

“మూడు నిమిషాలు,” అంది మాస్టారి భార్య.

నురగ దిగింది. మెడ దాకా పోశారు.

ఇరవై పాయింట్ ఆరు.

మాస్టారి భార్య గడియారాన్ని పైకి లాక్కుని, “మావాడు అబద్ధం చెప్పలేదు,” అంది, తనలో తనే అన్నట్టు.

“మనం ఇద్దరం ఎక్కాం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “బరువు...”

“నా బరువుకి ఎనిమిది లీటర్లా? ఇంట్లో తిండి మానేస్తానయితే!”

“దారిలో ఎక్కడో డబ్బాతో పోసుకుని ఉంటాడు.”

“సరే, పోసుకున్నాడు. అప్పుడు నీ పన్నెండు పాయింట్ నాలుగు దేనికి పనికొస్తుంది? ఆ అంకె మీదేగా నీ కేసంతా నిలబెట్టావు. అది నిజమైతే వాడు క్వారీకి వెళ్ళలేదు. అబద్ధమైతే నీ దగ్గర సాక్ష్యమే లేదు. రెంటిలో ఏదో ఒకటి పట్టుకో.” తకరారు గొంతు పెంచలేదు. “నేర్పాను కదయ్యా నీకు! కాకిలెక్కలు రాయొద్దని, ఎవరో రాసిచ్చిన అంకె మీద సంతకం పెట్టొద్దని. అసలీ హెచ్చవేత నీది కాదు. నీకు లెక్కలంటే ఎంత భయమో నాకు తెలుసు. ఎవరు వేసిచ్చారు?”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో చెప్పడం కష్టం. బండిలోంచి ఫైలు తీసి, కాగితాలు తిప్పి, ఒకటి బయటికి లాగాడు. టైపు చేసిన అరపేజీ. లీటర్లు, మైలేజీ, క్వారీ దూరం, కింద గుణకారం.

“కిట్ కంపెనీ మేనేజర్ ఇచ్చాడు. నేను క్వారీ నుంచి తిరిగొచ్చేసరికి నా టేబుల్ మీద ఉంది. పోలీసులకి సాయం చేద్దామని తెచ్చానన్నాడు.”

“స్టేషన్‌కి వచ్చిన కాగితం మీద రాక ముద్ర వేయాలి. వేశారా?”

అతను వెనక్కి తిప్పి చూశాడు. నీలం ముద్ర ఉంది. పక్కన కానిస్టేబుల్ చేత్తో రాసిన టైము. చదివి, మళ్ళీ చదివాడు.

“ఎంత?”

“పదకొండుంబావు.”

“శవం దొరికిందని స్టేషన్‌కి ఫోన్ ఎప్పుడొచ్చింది?”

అతను ఫైల్లో ఇంకో కాగితం తిప్పి చూశాడు. “పదకొండూ నలభైకి.”

మాస్టారి భార్య పంపు స్తంభం పట్టుకుంది. “అంటే, ఆయన క్వారీలో ఉన్నారని ఎవరికీ తెలియక ముందే ఆ మనిషి క్వారీకి దూరం లెక్కేసి తెచ్చాడా?”

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని ఫైల్లో భద్రంగా పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. పై అధికారి. ఆ గొంతు రెండడుగుల అవతలికి కూడా వినిపిస్తోంది. బండిలోని కిట్ కంపెనీ ఆస్తి అట, వెంటనే ఊడదీసి ఇచ్చేయాలట, మేనేజర్ ఇప్పటికే బయల్దేరాడట.

“సార్, ఇది సాక్ష్యం. కుదరదు.”

అవతల అరుపు.

“కుదరదు సార్. ఆ ఆర్డరేదో రాతపూర్వకంగా ఇవ్వండి. రాక ముద్ర వేయించి తీసుకుంటాను.”

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తకరారు ట్రక్కు దగ్గరికి నడిచింది. బండి తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

అయిదు నిమిషాల్లో కంపెనీ పికప్ పంపులోకి వచ్చింది. తలుపు మీద ‘ముప్పై శాతం ఆదా’ అని పెద్ద అక్షరాలు. నడుపుతున్నవాడు మేనేజర్. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. దిగకుండానే, “ఆర్డర్ వచ్చిందిగా, కిట్ ఊడదీయిస్తారా?” అన్నాడు.

“ముందు మీ బండి ఇంజన్ మూత తెరవండి,” అంది తకరారు. “డీజిల్ గొట్టానికి కొత్త క్లిప్పులు ఎప్పుడు వేయించారో చూడాలి.”

“మీరెవరు నన్నడగడానికి?”

“నేను అడుగుతున్నాను. తెరవండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేనేజర్ అద్దం పైకెత్తాడు. ఇంజన్ గర్జించింది. అతను వెనక్కి చూశాడు. ఓ డీజిల్ లారీ వచ్చి ఆగింది అక్కడ. ముందుకి చూశాడు. బంపరుకి జానెడు దూరంలో కొలత మాస్టారి భార్య నిలబడి ఉంది.

“అమ్మా, తప్పుకోండి!” అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

“తప్పుకోను.” ఆమె రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది. “ఆయన్ని వెనకనుంచి తోశావు. నన్ను ముందునుంచి గుద్దు. ఇంతమంది చూస్తుండగా గుద్దు.”

ఇంజన్ ఇంకోసారి గర్జించింది. ఆమె రెప్ప వాల్చలేదు. ఆమె వెనక పంపు మనిషి వచ్చి నిలబడ్డాడు. లారీ డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

ఇంజన్ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ తలుపు లాగి అతన్ని దింపాడు. మూత ఎత్తాడు. నల్లబడ్డ ఇంజన్ మధ్య డీజిల్ గొట్టం మీద రెండు క్లిప్పులు తళతళా మెరుస్తున్నాయి.

“ఘాట్ ఎక్కితే ఎంత వచ్చింది?” అడిగింది తకరారు. “మాస్టారు ఏ అంకె చెప్పాడు మీకు?”

మేనేజర్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. “లీటరుకి ఎనిమిది,” అన్నాడు. “నోటుబుక్కులో రాసేశాడు. చించెయ్యమని బతిమాలాను. కొలిచింది చించనన్నాడు.” హఠాత్తుగా తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. “నా ఒక్కడి మీదే రుద్దుదామని చూడకండి. ఆ కాగితం నేను ఇంట్లో టైపు చేశాననుకుంటున్నారా? మీ స్టేషన్‌లోనే చేశాం. మీ పై అధికారి గదిలో. హెచ్చవేసి చూపించింది ఆయనే. మా కంపెనీలో ఆయనకీ వాటా ఉంది. నోటుబుక్కు కూడా ఆయన దగ్గరే ఉంది.”

ఇన్‌స్పెక్టర్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“మావాడు లాకప్‌లో ఉన్నాడు,” అంది మాస్టారి భార్య నెమ్మదిగా. “ఆ అధికారి గదికి పక్కనే.”

ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. మళ్ళీ పై అధికారి నంబరే. అతను తకరారు వైపు చూశాడు, పాతికేళ్ళ ఎస్సైగా ఉన్నప్పుడు చూసినట్టు.

“ఎత్తకు,” అంది ఆమె. “బండెక్కు. ఈసారి యాభై దాటించు.”